యూనివర్సిటీ సర్వర్‌లోని మీ ఫోల్డర్‌ను సొంత ల్యాప్‌టాప్‌కి కలుపుకోవడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని, రోజూ బస్సులో క్యాంపస్‌కి వెళ్లొచ్చే మా స్కాలర్లలో చాలామంది థీసిస్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోనే మోస్తుంటారు. జిరాక్స్ షాపులో అది వైరస్ అంటించుకుని వచ్చిందంటే మూడేళ్ల కష్టం గల్లంతే. యూనివర్సిటీ సర్వర్‌లో మీకు చోటు ఇచ్చి ఉంటే వాడుకోండి.

ముందు కంప్యూటర్ సెంటర్‌లో మూడు సంగతులు రాయించుకోండి: సర్వర్ పేరు, షేర్ ఫోల్డర్ పేరు, యూజర్‌నేమ్ టైప్ చేయాల్సిన పద్ధతి. మూడోది ఎవరూ అడగరు. చాలాచోట్ల డొమైన్ పేరు (యూనివర్సిటీ నెట్‌వర్క్‌కి పెట్టిన పేరు), బ్యాక్‌స్లాష్ (\), తర్వాత మీ ఐడీ ఇస్తేనే లాగిన్ అవుతుంది. అది తెలియక పాస్‌వర్డే తప్పనుకుని మళ్లీ మళ్లీ కొడితే అకౌంట్ లాక్ కావచ్చు.

విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, ‘దిస్ పీసీ’లోకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కితే ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ కనిపిస్తుంది. దాన్ని నొక్కి, ఫోల్డర్ గడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు వరుసగా టైప్ చేయండి. కింద రెండు టిక్కులూ పెట్టండి. ‘డిఫరెంట్ క్రెడెన్షియల్స్’ (వేరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) అన్న టిక్కు మరవకండి. అది లేకపోతే ముందు మీ ల్యాప్‌టాప్ లాగిన్‌తోనే సర్వర్ తలుపు తడుతుంది. మ్యాక్‌లో అయితే ఫైండర్ తెరిచి కమాండ్, కె కలిపి నొక్కి smb:// తర్వాత సర్వర్ పేరు, ఒక మామూలు స్లాష్ (/), ఫోల్డర్ పేరు ఇస్తే చాలు.

క్యాంపస్‌లో పనిచేసింది రూమ్‌కి రాగానే ఆగిపోతే టెన్షన్ పడకండి. ఈ ఫైళ్లు నడిచేది పోర్ట్ 445 (నెట్‌వర్క్‌లో డేటా వచ్చిపోయే ఒక నంబరు ద్వారం) మీద. 2017లో వాన్నాక్రై వైరస్ పాకింది కూడా ఈ దారిలోనే. అందుకే బయటి నుంచి దీన్ని మూసి ఉంచుతారు. ముందు యూనివర్సిటీ వీపీఎన్ (బయటి నుంచి క్యాంపస్ నెట్‌వర్క్‌లోకి చేర్చే భద్రమైన దారి) కలిపి, ఆ తర్వాతే డ్రైవ్ తెరవండి. పాస్‌వర్డ్ మార్చాక మొరాయిస్తే విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే ‘క్రెడెన్షియల్ మేనేజర్’లో దాగిన పాతదాన్ని తీసేయండి.

ఒక్క జాగ్రత్త. నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేసిన ఫైలు మీ రీసైకిల్ బిన్‌లోకి రాదు. ఒకసారి నా మూడో చాప్టర్ ఫోల్డరే పొరపాటున తీసేశాను. రాత్రి బ్యాకప్‌లోంచి తిరిగి వచ్చింది కానీ, ఆ రోజు రాసిన ఆరు పేజీలు రాలేదు. మీకు అలా జరిగితే, పోయినది అంతకుముందు ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘ప్రీవియస్ వెర్షన్స్’ చూడండి. అక్కడ ఏమీ లేకపోతే ఆలస్యం చేయకుండా కంప్యూటర్ సెంటర్‌కి ఫోన్ చేయండి.