స్టెంట్ కంపెనీలో డబ్బు పెట్టే ముందు అలమారా తలుపు తీసి చూడండి

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, ఒక చిన్న స్టెంట్ కంపెనీ వాటాలు లిస్టింగ్‌కి ముందే దొరుకుతున్నాయి. మూడు లక్షలు పెడదామనుకుంటున్నా. నువ్వు అన్నేళ్లు క్యాత్‌ల్యాబ్‌లో చేశావు కదా, వాళ్ల స్టెంట్ మంచిదేనా?" మంచిదే అయ్యుంటుందిరా, కానీ అడగాల్సింది అది కాదు అన్నాను. వాడికి గంటసేపు చెప్పినదాన్నే కాస్త సర్ది రాస్తున్నా. స్టెంట్ అంటే పూడుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం, దాన్ని వేసే గదే క్యాత్‌ల్యాబ్.

విశాఖలో పంతొమ్మిదేళ్లు క్యాత్‌ల్యాబ్ నర్సుగా చేశాను. అందులో పదకొండేళ్లు స్టెంట్ల స్టాకు రిజిస్టరు నా చేతిలోనే ఉండేది. 2015లో మా డాక్టరుగారు ఓ చిన్న కంపెనీ స్టెంట్‌ని మెచ్చుకున్నారని, తెలిసినవాళ్ల ద్వారా ఆ కంపెనీ వాటాలు రెండు లక్షలకి కొన్నా. మూడేళ్లకి ఎనభై వేలు చేతికొచ్చాయి. స్టెంట్‌లో లోపం ఏమీ లేదు. నా లెక్కే తప్పు.

అందుకే ముందు అలమారా లెక్క. స్టెంట్ అంటే ఒక్క సరుకు కాదు. 2.25 మిల్లీమీటర్ల నుంచి 4 దాకా ఆరు వ్యాసాలు, ఒక్కో వ్యాసంలో ఎనిమిది పొడవులు అనుకోండి, 48 సైజులు అవుతాయి. రాత్రి పదకొండింటికి గుండెపోటుతో వచ్చినవాడి రక్తనాళం ఏ కొలతలో ఉంటుందో ముందే ఎవరు చెప్పగలరు? అందుకని డీలర్లు అన్ని సైజులూ ఆస్పత్రిలోనే ఉంచుతారు. వాడినదానికే బిల్లు. సైజుకి రెండు చొప్పున 96 స్టెంట్లు, ఒక్కోటి పన్నెండు వేలనుకుంటే ఒక ఆస్పత్రి అలమారాలోనే పదకొండున్నర లక్షలు. యాభై ఆస్పత్రులైతే దాదాపు ఐదు కోట్ల డెబ్భై ఆరు లక్షల సరుకు. అమ్ముడుపోలేదు, పైగా ఎక్స్‌పైరీ తేదీ తరుముకొస్తుంటుంది. పెద్ద కంపెనీకి ఇది చిల్లర. చిన్న కంపెనీ ఇరవై సైజులే పెట్టి, మిగతావి అడిగితే పంపిస్తామంటుంది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో పార్సిల్ వేస్తే పొద్దున్నకి వస్తుంది. పేషెంటు అంతదాకా ఆగడు. చేయి అందేదూరంలో ఉన్న స్టెంటే వేస్తారు. రెండుసార్లు అలా జరిగిందంటే మూడోసారి డాక్టరుగారు ఆ చిన్న కంపెనీ పేరే ఎత్తరు.

కాబట్టి కంపెనీ వాళ్లిచ్చిన రంగుల పుస్తకం పక్కన పెట్టి, రెండు మూడు ఆస్పత్రుల్లో క్యాత్‌ల్యాబ్ సిస్టర్‌నో టెక్నీషియన్‌నో పలకరించండి. వీళ్లవి ఎన్ని సైజులున్నాయి, సైజు లేక పక్కవాళ్లది ఎన్నిసార్లు వాడారు, ఈ రెండూ అడిగితే చాలు. డాక్టర్ని అడిగితే స్టెంట్ గురించి చెబుతారు. సిస్టర్‌ని అడిగితే కంపెనీ గురించి చెబుతుంది.

తర్వాత ధర. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. మందు పూత ఉన్న స్టెంట్‌కి 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260. అంతకుముందు విదేశీ స్టెంట్లు లక్ష దాటి పలికేవి. ఇక మన దేశీ కంపెనీలకి పండగే అని నేను మా స్టాఫ్ రూములో మిఠాయి పంచినంత పని చేశా. మా రిజిస్టర్లో జరిగింది వేరు. చిన్న కంపెనీకి అప్పటిదాకా ఉన్న బలం "మాది చవక" అన్న ఒక్క మాటే. పెద్ద బ్రాండు కూడా ముప్పై వేల లోపుకి దిగొచ్చాక పేషెంటు బంధువులు "రేటు ఒకటే అయితే ఆ అమెరికాదే వేయండి సార్" అనడం మొదలుపెట్టారు. నా లక్షా ఇరవై వేలు పోయింది అక్కడే. అందుకే, పెద్ద కంపెనీ రేపు ఇదే ధరకి దిగితే వీళ్లది ఎవరైనా ఎందుకు కొనాలి అని ముందే అడగండి. "మా ధర తక్కువ" అన్నది తప్ప ఇంకో జవాబు లేకపోతే ఆ కంపెనీ జోలికి పోవద్దు.

ఇంకో జవాబు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. సూరత్‌కి చెందిన సహజానంద్ కంపెనీ తన సుప్రాఫ్లెక్స్ స్టెంట్‌ని యూరప్‌లో అమెరికా కంపెనీ అబ్బాట్ వాళ్ల జియెన్స్ స్టెంట్ పక్కన నిలబెట్టి 1,435 మంది పేషెంట్లలో పోల్చి చూపించింది. ఏడాది ఫలితాల్లో దానికి తీసిపోదని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. హైదరాబాద్ దగ్గర సుల్తాన్‌పూర్ పార్కులో వాళ్లకి ఫ్యాక్టరీ కూడా ఉంది. అది కొనమని నేను అనడం లేదు. ట్రయల్ చేశామని ఎవరైనా అంటే దేంతో పోల్చారో చూడమంటున్నా. ఎప్పుడో పాతబడిన స్టెంట్‌తో పోల్చి గెలవడం పెద్ద గొప్పేం కాదు.

లైసెన్సు ఉంది కదా, అదే రక్షణ అంటారు కొందరు. స్టెంట్ అత్యధిక రిస్కున్న డి తరగతి పరికరం, లైసెన్సు కేంద్రం ఇస్తుంది, కొత్తవాళ్లకి అది ఎత్తైన గోడే. కానీ గోడ లోపల ఇప్పటికే బోలెడుమంది ఉన్నారు. యూరప్‌కి ఎగుమతులు చూపిస్తుంటే మాత్రం, 2021 మేలో అమల్లోకొచ్చిన కొత్త నిబంధనల కింద సర్టిఫికెట్ వచ్చిందా, ఇంకా పాతదేనా అని అడగండి. ఇలాంటి పరికరాల పాత సర్టిఫికెట్లకి పొడిగించిన గడువు 2027 డిసెంబర్‌తో సరి.

స్టెంట్‌కే ఎసరు పెట్టేవి వేరే ఉన్నాయి. కరిగిపోయే స్టెంట్ వస్తోంది, ఇక లోహానివి ఎవరూ వాడరు అని ఒకప్పుడు తెగ భయపెట్టారు. అబ్బాట్ తన అబ్సార్బ్‌ని 2017లోనే ఆపేసింది. అందులో రక్తం గడ్డలు కట్టడం ఎక్కువని తేలింది. ఇప్పుడు మందు పూసిన బెలూన్ల వంతు. నాళాన్ని ఉబ్బించి తెరిచి, మందు అంటించి, బెలూన్‌ని బయటికి తీసేస్తారు, లోపల స్టెంట్ వేయనక్కర్లేదు. స్టెంట్ లోపల మళ్లీ పూడుకుపోయినవాళ్ల కోసం బోస్టన్ సైంటిఫిక్ బెలూన్‌కి 2024లో అమెరికా అనుమతి వచ్చింది. అబ్సార్బ్‌లా ఇదీ పోతుందని నేననుకోను. మీ కంపెనీ దగ్గర బెలూన్ ఉందో లేదో కనుక్కోండి.

చివరికి బాకీలు. బ్యాలెన్స్ షీటులో కస్టమర్ల నుంచి రావలసిన మొత్తాన్ని ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణించండి, ఎన్ని రోజుల డబ్బు బయట ఉందో తేలిపోతుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం డబ్బు ఆస్పత్రికి ఆలస్యమైతే ఆస్పత్రి డీలరుకి ఇవ్వాల్సింది ఆపుతుంది, డీలరు కంపెనీకి ఇవ్వాల్సింది ఆపుతాడు. ఆర్నెల్లు ఆగినా తట్టుకునే పెద్ద కంపెనీకి ఆ ఆలస్యమే ఆయుధం.

నిన్న మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. రావలసిన బాకీలు 210 రోజులట. గుంటూరులో ఒక క్యాత్‌ల్యాబ్‌కి వెళ్లి సిస్టర్‌ని అడిగాడట, అలమారాలో వాళ్లవి పద్నాలుగు సైజులున్నాయి. "2.25 ఉందా?" అన్నాను. "లేదు పిన్నీ, బస్సులో వస్తుందంట."