గుంటూరు మిరప కోతల వలసను అధ్యయనం చేసే విధానం

కోసిగి, ఆదోని వంటి కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు మిరప కోతలకు వచ్చే కుటుంబాలపై పరిశోధించదలచినవారికి 2011 జనాభా లెక్కల వలస పట్టికలు మాత్రమే చాలవు. కొన్ని నెలల వలసను అవి సరిగా పట్టుకోవు కనుక క్షేత్ర సర్వే తప్పదు.

చేలగట్ల మీది గుడారాల దగ్గరికి సాయంత్రం, కాయల తూకం ముగిశాక వెళ్లండి. ఎందుకు వచ్చారని అడిగితే “పని కోసం” అనే జవాబే వస్తుంది. మేస్త్రీ (కూలీలను కుదిర్చి తీసుకొచ్చే వ్యక్తి) దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, అది ఏ అప్పుకు జమైంది, ఊళ్లో పని దొరికితే ఆగేవారా, పిల్లల బడి ఏమైంది అని ఓపికగా అడగాలి. ఈ వలసలో ఇష్టం ఎంతో, బలవంతం పాలు ఎంతో తేలేది అక్కడే. ఊళ్లోనే ఉండిపోయిన కుటుంబాలనూ కలవాలి, వారు లేని పోలిక చెల్లదు.

వలసకు నేపథ్యంగా జిల్లాల ఆదాయ లెక్కలు చూసేటప్పుడూ జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల సరిహద్దులు మారాయి కాబట్టి, పాత, కొత్త గుంటూరుల తలసరి ఆదాయాలను నేరుగా పోల్చరాదు.