బంకులో షిఫ్టు మారేటప్పుడు క్యాష్ షార్టేజ్ గొడవ: మా దగ్గర ఎలా తగ్గిందంటే

ఇది చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. మాది హైవే పక్కన నాలుగు నాజిళ్ల చిన్న బంకు. రోజూ పొద్దున క్యాష్ తగ్గేది, రాత్రివాళ్లు పగటివాళ్లను, పగటివాళ్లు రాత్రివాళ్లను అనేవాళ్లు, ఒకసారైతే కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. కూర్చోబెట్టి చెప్పడం, షిఫ్టులు మార్చడం, తగ్గిన డబ్బు ఇద్దరి జీతాల్లో చెరిసగం కోయడం, ఏదీ పనిచేయలేదు (కోతతో మంట ఇంకా పెరిగింది).

పనిచేసింది ఇది. ముందు పంపు ఆపి, షిఫ్టు దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి ఒక్కో నాజిల్ దగ్గర నిలబడాలి. ఒకడు మీటర్ రీడింగ్ చదవాలి, ఇంకొకడు కాగితం మీద రాసి ఫోటో తీయాలి. తర్వాత అదే కాగితంలో టెస్టింగ్‌కి (పంపు కొలత సరిగ్గా ఉందో లేదో చూడటానికి) వేరే గడి. అసలు మెలిక ఇక్కడే ఉంది: పొద్దున 5 లీటర్ల క్యాన్‌తో కొలిచి తిరిగి ట్యాంకులో పోసే ఆయిల్ (పెట్రోలు, డీజిల్) కూడా మీటర్‌లో అమ్మకంగానే ఎక్కుతుంది, నాలుగు నాజిళ్లకి 20 లీటర్లు, అంటే రెండు వేలకు దగ్గర. అది ఎవరి షిఫ్టు లెక్కలో తీసేయాలో ఎక్కడా రాసి లేదు, అందుకే రోజూ ఎవరో ఒకరు దొంగ అయ్యేవారు. ఆ తర్వాత కార్డు మెషిన్ సెటిల్‌మెంట్ కొట్టి (అంటే కార్డుల మీద వచ్చిన మొత్తం తీసి), యూపీఐ మొత్తం రాసి, చివర్లోనే నోట్లు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ వరుస మార్చొద్దు, నోట్లు ముందే లెక్కపెడితే మిగతా అంకెల్ని దానికి సరిపెట్టేస్తారు.

ఇప్పుడూ అప్పుడప్పుడు యాభై, వంద తేడా వస్తుంది, గొడవ మాత్రం రావట్లేదు. బండ్ల లైను తెగని పెద్ద బంకులో పంపు ఆపడం కుదురుతుందో లేదో మీరే చూసుకోవాలి. ఇద్దరి మధ్య ఊళ్లో పాత కక్ష ఉంటే ఈ కాగితం ఏం చేయలేదు, మా దగ్గర అలాంటి ఒకడిని గాలి మెషిన్ దగ్గరికి మార్చాల్సి వచ్చింది.