బీపీ, షుగర్ మాత్రల బిల్లు తగ్గాలంటే

నెలనెలా బీపీ, షుగర్ మాత్రల బిల్లు బరువవుతోందా? స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి. కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాదు, అసలు మందు పేరు, మోతాదు కావాలి: టెల్మిసార్టాన్ 40 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ ఎస్ఆర్, ఇలా. అదే మందును బ్రాండు పేరు లేకుండా తక్కువ ధరకు అమ్మే ప్రభుత్వ పథకం దుకాణాలే జన ఔషధి కేంద్రాలు. జనఔషధి సుగమ్ యాప్‌లో ఆ పేరుతో వెతికితే ధర తెలుస్తుంది, దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో కూడా అందులోనే చూడొచ్చు. ముందే ఫోన్ చేసి స్టాక్ ఉందో లేదో అడగండి. అన్ని మందులూ అన్ని కేంద్రాల్లో దొరకవు. డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. ధర పోల్చేటప్పుడు స్ట్రిప్పుకు కాదు, మాత్రకు లెక్కేయాలి. ఒకదాంట్లో 10 ఉంటాయి, ఇంకోదాంట్లో 15. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఎస్ఆర్, ఈఆర్ అనే అక్షరాలను వదిలేయొద్దు. అవి ఒంట్లో మందును నెమ్మదిగా వదిలే రకాలు, వాటి బదులు మామూలు మాత్ర పనికిరాదు. రెండు మందులు కలిసిన మాత్రైతే రెండింటి మోతాదూ సరిపోవాలి.

మూర్ఛ, థైరాయిడ్ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటివి మాత్రం డాక్టరును అడక్కుండా కంపెనీ మార్చకండి. వాటిలో చిన్న తేడా వచ్చినా ఇబ్బందే.