విదేశీ కారు తెప్పించుకుంటున్నారా? ముందు ఆ బిల్లు సంగతి చూడండి

హైదరాబాద్‌లో ఒక ఖరీదైన కార్ల వ్యాపారిని 2025లో డీఆర్‌ఐ (స్మగ్లింగ్, సుంకం ఎగవేతలపై దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ) అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్‌లలో కొన్న కార్లను దుబాయ్‌కో శ్రీలంకకో చేర్చి, అక్కడ స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్పించి, దొంగ బిల్లులతో ధర తగ్గించి ఇక్కడ దించారన్నది ఆరోపణ. అదే ఏడాది సెప్టెంబరులో, భూటాన్ మీదుగా వచ్చిన కార్ల కోసం కేరళలో కస్టమ్స్ వాళ్లు సినిమా నటుల ఇళ్ల దాకా వెళ్లారు. ఇన్ని వార్తలు చూశాక కూడా 'మనది ఒక్క కారే కదా, అదీ సొంత వాడకానికి, ఎవరు పట్టించుకుంటారు?' అని అడిగేవాళ్లు తగ్గలేదు.

డ్యూటీ ఎక్కువని అందరికీ తెలుసు. ఇన్సూరెన్స్ చేయించుకోవాలనీ తెలుసు. అవి వదిలేస్తున్నాను. నేను చూసినంతలో మనుషుల్ని ముంచేది ఒక్కటే: బిల్లులో ధర తగ్గించి వేయించుకోవడం.

ఇది ఎలా మొదలవుతుందో చెబుతాను. లండన్‌లోనో సింగపూర్‌లోనో పాత కారు చవగ్గా దొరుకుతుంది. మధ్యలో ఒకాయన వచ్చి 'అసలు ధర అక్కర్లేదు సార్, సగానికి బిల్లు వేయిస్తా, మిగతాది నాకు క్యాష్ ఇవ్వండి, డ్యూటీ సగం మిగులుతుంది' అంటాడు. వినడానికి బాగుంటుంది. కానీ పాత కారుకి కస్టమ్స్ వాళ్లు మీ బిల్లు చూసి ఊరుకోరు. ఆ కారు తయారైనప్పుడు కొత్తది ఎంత పలికిందో తీసుకుని, దాని మీద తరుగు తీస్తారు. మొదటి ఏడాది మూడు నెలలకి 4 శాతం చొప్పున, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది రెండున్నర శాతం. దానికి ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలుపుతారు. డ్యూటీ ఆ మొత్తం మీద.

లెక్క వేసి చూడండి. కొత్తగా 20 లక్షల కారు. వయసు రెండున్నరేళ్లు. తరుగు 16, 12, 5, మొత్తం 33 శాతం. మిగిలేది 13 లక్షల 40 వేలు. కిరాయి, ఇన్సూరెన్స్ లక్షా 60 వేలు అనుకుంటే 15 లక్షలు. పాత కారుకి కస్టమ్స్ సుంకం 70 శాతం, వ్యవసాయ సెస్ 67.5 శాతం, ఈ రెండూ కలిపాక వచ్చిన మొత్తం మీద పెద్ద కారైతే 40 శాతం ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్‌టీ. అంటే 15 లక్షల విలువకి దాదాపు 35 లక్షల పన్ను. మీరు వేలంలో 9 లక్షలకే కొన్నా, నిజమైన బిల్లే చూపించినా, ఈ లెక్కే ముందుకొస్తుంది. ఇక నాలుగున్నర లక్షల బిల్లు తెచ్చి ఏం సాధించినట్టు? పైగా అది అబద్ధపు బిల్లని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టు.

ఆ సంతకం బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రంలో ఉంటుంది. మధ్యవర్తి పేరు అందులో ఎక్కడా ఉండదు. మోసం ఉందని తేలితే అయిదేళ్ల దాకా ఎప్పుడైనా నోటీసు రావొచ్చు. ఎగ్గొట్టిన డ్యూటీ, దాని మీద ఏడాదికి 15 శాతం వడ్డీ, డ్యూటీకి సమానంగా పెనాల్టీ కట్టాలి. కారు జప్తు కూడా ఉంటుంది. క్యాష్‌గా పంపిన డబ్బు హవాలాలో వెళ్లిందంటే అది ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) కిందకు వచ్చే వేరే కేసు. మళ్లీ చెబుతున్నాను, బిల్లు ధర తగ్గించకండి. మామయ్య కొడుకు చెప్పినా తగ్గించకండి.

కారు కొనకముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తెచ్చే పాత కారు వయసు మూడేళ్లు దాటకూడదు, ఆ మూడేళ్ల లెక్క తయారైన తేదీ నుంచి. రిజిస్ట్రేషన్ తేదీ నుంచి అనుకుని చాలామంది బోల్తా పడతారు. షోరూములో ఏడు నెలలు పడి ఉన్న కారుకి ఆ ఏడు నెలలూ వయసే. అమ్మేవాడు చూపించే కాగితం ఒక్కటే నమ్మకండి. సీటు బెల్టు కింది చివర దాకా లాగితే కుట్టిన చిన్న గుడ్డ చీటీ కనిపిస్తుంది, చాలా కార్లలో బెల్టు తయారైన తేదీ దాని మీదే ఉంటుంది. బెల్టు కారు కంటే కొత్తదైతే మార్చారన్నమాట. ఎందుకు మార్చారో అడగండి, యాక్సిడెంట్ అయిన కారు కావొచ్చు.

స్టీరింగ్ కుడివైపే ఉండాలి. అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ ఉన్న మనవాళ్లకి ఇక్కడితో కథ అయిపోయినట్టే, అక్కడి కార్లకి స్టీరింగ్ ఎడమవైపు. దుబాయ్ షెడ్డులో మార్పించుకొస్తే సరిపోతుందని అనేవాళ్ల మాట వినకండి.

పాత కారు దిగాల్సింది ముంబయి రేవులో మాత్రమే. చెన్నై కాదు, కృష్ణపట్నం కాదు, విశాఖ అసలు కాదు. మన దగ్గర రేవు ఉంది కదా అని బుక్ చేసి, ఓడ బయలుదేరాక తల పట్టుకుంటారు.

మిగతావి వరసగా చెప్పేస్తాను. ఓడ ఎక్కించే ముందే టెస్టింగ్ ఏజెన్సీ సర్టిఫికెట్ తీసుకోండి. దిగాక చేయించుకుందాం అంటే కుదరదు. ఒరిజినల్ హోమోలోగేషన్ కాగితం (ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందని తయారైనప్పుడు ఇచ్చే సర్టిఫికెట్) లేని కారు కొనకండి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి, బ్రిటన్ కారైతే ముందే మార్పించండి. చాసిస్ నంబరు ఫొటో మీరే తీసుకోండి, ఏజెంట్ పంపినది చాలదు. కాగితాల మీది నంబరుతో ఒక్కో అక్షరం సరిచూడండి, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆర్‌టీఏలో ఫైలు ఆగుతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి, ఆ రసీదు పారేయకండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. కస్టమ్స్ బ్రోకర్‌కి లైసెన్సు ఉందో లేదో చూడండి. రేవులో డెమరేజ్ (కారు విడిపించుకోవడం ఆలస్యమైతే కట్టే రుసుము) రోజుకింత అని పెరుగుతుంది, డ్యూటీ డబ్బు చేతిలో లేకుండా ఓడ ఎక్కించకండి. లైఫ్ ట్యాక్స్ ఎంతవుతుందో ఆర్‌టీఏలో ముందే అడగండి. వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి తెస్తానన్నవాణ్ణి గేటు దగ్గరే ఆపండి. ఇక్కడ దిగుమతి కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నా ఇవే జాగ్రత్తలు, ఎందుకంటే జప్తు కారుని వెతుక్కుంటూ వస్తుంది, అప్పుడు అది మీ ఇంట్లో ఉంటుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఇవ్వనివాడి దగ్గర కొనకండి. ఇచ్చినా, అందులోని విలువ చూడండి, ఆ మోడల్ కొత్త ధర చూడండి. మరీ తక్కువగా ఉంటే అడ్వాన్స్ ఇవ్వకుండా బయటికి వచ్చేయండి.