అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక సర్వసభ్య సమావేశం సజావుగా జరపడం ఎలా?

నేను కార్యదర్శిగా ఉన్న మొదటి ఏడు, ఏడాది లెక్కలన్నీ సమావేశంలోనే తొలిసారి చదివి వినిపించాను. జనరేటర్ డీజిల్ పద్దు దగ్గరే ముప్పావు గంట గడిచిపోయింది. లిఫ్టు మార్చాలా వద్దా అన్న అసలు సంగతికి వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. తప్పు వచ్చినవారిది కాదు. తమ డబ్బు ఎటు పోయిందో అప్పుడే వింటున్నవారు అడగకుండా ఎలా ఉంటారు?

మొదట బైలాలు తీసి చదవండి

బైలాలంటే సంఘం నమోదైనప్పుడు రాసుకున్న నియమావళి. నోటీసు ఎన్ని రోజుల ముందివ్వాలి, కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఎంత, బకాయి ఉన్నవారికి ఓటుందా, ఒకరి తరఫున మరొకరు ఓటేయవచ్చా అన్నవి అందులోనే ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో కొన్ని సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, మరికొన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదై ఉంటాయి. కనుక పక్క అపార్ట్‌మెంట్ పద్ధతి మీకు చెల్లకపోవచ్చు.

వేళ

మార్చి 31తో లెక్కలు ముగిసి ఆడిట్ పూర్తయ్యేసరికి జూన్ వస్తుంది. ఆదివారం సాయంత్రం ఆరు గంటలు మంచి వేళ. ఉదయం పదింటికి పెడితే డాలస్‌లో ఉన్న ఫ్లాటు యజమానికి అప్పుడు శనివారం రాత్రి పదకొండున్నర. సాయంత్రం ఆరయితే ఆయనకు ఆదివారం ఉదయం ఏడున్నర, కాఫీ తాగుతూ వీడియోలో కూర్చోగలరు.

లెక్కలను నోటీసుతోనే పంపండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఆడిట్ నివేదిక అడిగినవారికి ఇవ్వండి, కానీ అందరికీ ఒకే ఒక్క కాగితం చేరాలి. అందులో నిరుటి ఖర్చు, ఈ ఏటి ఖర్చు, తేడా, ఆ తేడాకు కారణం ఒక్క వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు: ‘నీటి ట్యాంకర్లు: నిరుడు 1,40,000, ఈ ఏడు 2,65,000. కారణం: ఫిబ్రవరిలో రెండో బోరు ఎండిపోయింది.’ ఇంత స్పష్టంగా రాస్తే గొడవకు తావుండదు. కార్పస్ ఫండ్‌ను, అంటే పెద్ద ఖర్చుల కోసం దాచిన మూలనిధిని, నెలవారీ మెయింటెనెన్స్‌తో కలపకుండా విడిగా చూపండి.

సమావేశానికి ముందు వచ్చే రెండు శనివారాలు బిల్లుల ఫైలుతో ఒక గంట కూర్చోండి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. రెండో ఏడు మేము జనరేటర్ మీటరులోని గంటల లెక్కను డీజిల్ బిల్లుల పక్కనే రాసి పెట్టాం. విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు కళ్లజోడు సవరించుకుంటూ నెల నెలా సరిచూశారు. సమావేశంలో ఆ పద్దుపై ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

బకాయిదారుల పేర్లు లిఫ్టు దగ్గర అంటించడం నాకు నచ్చదు. మొత్తం అంకె కాగితంలో చూపి, ముందుగా ఇంటికి వెళ్లి మాట్లాడండి.

చర్చించే అంశాలు

అయిదుకు మించవద్దు. పెద్ద ఖర్చుకు సంబంధించినది లెక్కల వెంటనే రావాలి, అప్పటికి అందరూ ఓపికగా ఉంటారు. మూడు కోటేషన్లు, తీర్మానం వాక్యం ముందే సిద్ధంగా ఉంచండి. మెయింటెనెన్స్ పెంచుతున్నారా? ఒక్కొక్కరి మెయింటెనెన్స్ నెలకు 7,500 రూపాయలు మించి, సంఘం ఏడాది రాబడి 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ సంగతి వస్తుంది. ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి.

ఆ రోజు

సెల్లార్‌లో కుర్చీలు, మైకు, తాగునీరు, గుమ్మం దగ్గర సంతకాల పుస్తకం చాలు. చాలా ఫ్లాట్లు భార్య పేరున ఉంటాయి, సంతకం మాత్రం భర్త చేసేస్తారు. దస్తావేజులో ఎవరి పేరుందో వారే సంతకం చేయాలి, ఓటూ వారిదే. రాలేనివారు బైలాలు అనుమతిస్తే అధికార పత్రం పంపవచ్చు. అద్దెకున్నవారిని కూడా పిలవండి. ఓటు లేకపోయినా నీళ్లు, పార్కింగ్ కష్టాలు వారివి కూడా.

ప్రతి తీర్మానాన్నీ అందరూ లేవకముందే గట్టిగా చదివి వినిపించండి. మూడు రోజుల్లో మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసిన కాగితం, ప్రతి ఇంటికీ చేరాలి. కొత్త కమిటీ వస్తే రిజిస్ట్రారు కార్యాలయానికి జాబితా పంపి, అదే వారం తీర్మానం నకలుతో బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పించండి. ఆలస్యమైతే ఒకటో తారీఖున వాచ్‌మన్ జీతం చెక్కుపై సంతకం పెట్టేవారు ఉండరు.