జూన్ 2కి చుట్టాలంతా వస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

తెలంగాణ అవతరణ దినోత్సవం నాటికి నల్లగొండలో ఇంకా రోహిణి కార్తె ఎండలే. జెండా పండుగ చూడాలనుకునే పెద్దవాళ్లను పొద్దున్నే తీసుకెళ్లి, ఎండ ముదరకముందే ఇంటికి చేర్చండి.

అన్నిటికన్నా ముందు కూలర్. ఇంటి నిండా మనుషులుంటే నీళ్లు ఎవరో ఒకరు పోస్తూనే ఉంటారు. ప్లగ్ పీకాకే పోయాలి, స్విచ్ ఆపితే చాలదు. తడి చేతులతో, చెప్పుల్లేకుండా ముట్టుకోవద్దని పిల్లలకు రాగానే చెప్పండి. బయట ఆపిన కార్లకు తాళం వేయండి, దాగుడుమూతల్లో లోపల దూరతారు.

మటన్, బగారా అన్నం తినే వేళకు కాస్త ముందే దించండి. పోయినేడు మా ఇంట్లో పొద్దున కలిపిన పెరుగు పచ్చడి మధ్యాహ్నానికే బుడగలు కక్కింది. పిల్లలకు వడ్డించకముందే చూశాం కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి కొంచెం కొంచెమే కలుపుతున్నాం.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చిపెట్టుకోండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, తలగొట్టి కొలవండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బే. నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.